పట్టసారా

పట్టసారా అనేది తెల్లతుమ్మ చెట్టు బెరడు వేసి పులియబెట్టిన బెల్లపు ఊట నుండి బట్టీ పెట్టి తీసే నాటు మద్యం. ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పడమటి భాగంలో, వెలిగొండల దిగువన ఉన్న ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు ఈ మద్యంతో రెండు విధాల సంబంధం ఉన్నది. ఊటలో వేసే చెక్కను ఇచ్చే చెట్టు ఈ మెట్ట నేలలలో సహజంగా పెరుగుతుంది. సారా అంగళ్ళను మూయించిన స్త్రీల ఉద్యమం కూడా 1992లో ఈ ప్రాంతంలోనే, నేటి ఉదయగిరి శాసనసభ నియోజకవర్గంలోని కలిగిరి మండలానికి చెందిన దూబగుంట గ్రామం నుండి వ్యాపించింది. రాష్ట్రంలో సారాయి 1993 నుండి నిషిద్ధం.

అడవి మొక్కల వాసన పట్టించిన మద్యాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. పోలండు దేశపు గడ్డివోడ్కా వాటిలో పేరుపొందినది. పట్టసారాను కూడా ఆ కోవలోనే చేర్చి, తుమ్మచెక్క దానికి రుచినిస్తుందని సాధారణంగా చెబుతారు. ఇది పూర్తిగా సరైన మాట కాదు. చెక్క పని ఊటకుండతో ముగుస్తుంది. గ్లాసు దాకా అది రాదు.

పేరు

పట్ట అంటే చెట్టు బెరడు. దాల్చినచెక్కను కొందరు లవంగపట్ట అని పిలవడంలో ఉన్నది ఈ పట్టయే. తమిళంలో ఇదే మాట పట్టై. అక్కడ ఇటువంటి మద్యాన్ని పట్టచారాయం అంటారు. తెలుగులో చెక్క అనే మాట కలపకూ బెరడుకూ కూడా వాడుకలో ఉన్నందున, తుమ్మచెక్క అన్నప్పుడు ఏది అనేది సందర్భాన్ని బట్టి గ్రహించవలసి ఉంటుంది. ఉదయగిరిలో చెక్క అనగానే అడవి కలపతో చేసే గరిటెలు, చెంచాలు గుర్తుకు వస్తాయి. ఆ హస్తకళకు భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. సారాయి విషయంలో మాత్రం చెక్క అంటే బెరడే.

కల్లుకు, సారాయికి ఉన్న తేడాను ఇక్కడ చెప్పుకోవాలి. కల్లు తాటి, ఈత చెట్ల నుండి గీసిన నీరు పులిసినది మాత్రమే. సారాయి పులిసిన ద్రవాన్ని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినది. సారాయికి ఇంగ్లీషువారు వాడిన అరక్ అనే పేరు అరబ్బీ భాషది. దానికి చెమట అని అర్థం. కాగుతున్న పాత్రపై ఆవిరి చల్లబడి బొట్లుబొట్లుగా దిగడాన్ని చూసి పెట్టిన పేరు కనుక అది చక్కగా అమరినది.

తెల్లతుమ్మ చెట్టు

తెల్లతుమ్మ శాస్త్రీయ నామం వాచెల్లియా ల్యూకోఫ్లోయియా. గ్రీకు భాషలో ల్యూకోస్ అంటే తెలుపు, ఫ్లోయియోస్ అంటే బెరడు; కాబట్టి శాస్త్రీయ నామం తెలుగు పేరుకు దాదాపు అనువాదమే. ఈ చెట్టును శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు విలియం రాక్స్‌బర్గ్. సామర్లకోటలో చాలాకాలం ఉండి తెలుగు జిల్లాల వృక్షాలను పరిశీలించిన ఈ స్కాట్లాండు వైద్యుడు దీనిని మైమోసా ప్రజాతిలో వర్ణించాడు. తరువాత ఇది అకేసియా ప్రజాతిలోకి మారినది. అకేసియా అనే పేరును ప్రధానంగా ఆస్ట్రేలియా జాతులకు కేటాయిస్తూ 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశం నిర్ణయించిన తరువాత, మన తుమ్మలు వాచెల్లియాలో చేరాయి. పాత పుస్తకాలలో అకేసియా ల్యూకోఫ్లోయియా అని ఉన్నది ఈ చెట్టే. ఇంగ్లీషులో దీనికి సారాయి కాచేవారి తుమ్మ అనే అర్థమిచ్చే పేరు ఒకటి ఉండడం గమనించదగినది.

ఇది భారతదేశం, శ్రీలంక, మయన్మార్, థాయిలాండ్, ఇండోనేషియా దేశాలలోని పొడి అడవులలో పెరుగుతుంది. గొడుగులా పరచుకున్న కొమ్మలు, తెలుపు నుండి పసుపు కలిసిన బూడిదరంగు వరకు ఉండే బెరడు, జంటలుగా ఉండే తిన్నని ముళ్ళు దీని గుర్తులు. నల్లతుమ్మ నుండి దీనిని వేరుచేయడం కష్టం కాదు. నల్లతుమ్మ బెరడు నల్లగా పగుళ్ళతో ఉంటుంది. పూలు ముదురు పసుపు. కాయలు గింజగింజకు నొక్కినట్లు పూసలదండలా ఉంటాయి. తెల్లతుమ్మ పూలు లేత పసుపు రంగులో, కొమ్మల చివర పెద్ద గుత్తులుగా వర్షాకాలంలో వస్తాయి. కాయ సన్నగా, కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది.

బెరడు నుండి తోళ్ళు ఊనడానికి పనికివచ్చే టానిన్, ఎర్రని రంగు, నార లభిస్తాయి. కరువు కాలంలో బెరడును దంచి పిండిలో కలుపుకొని తిన్నట్లు కూడా గ్రంథాలలో నమోదై ఉన్నది. 1876-78 నాటి మహాక్షామం, అంటే పెద్దలు ధాత కరువుగా చెప్పుకున్నది, నెల్లూరు జిల్లానూ పీడించినది. మేకలకు, గొర్రెలకు దీని ఆకు, కాయ మేతే అయినప్పటికీ, వాటిలో హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని విడుదల చేసే పదార్థాలు ఉన్నందున అధికంగా తిన్న జీవాలు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఊటలో చెక్క చేసే పని

బెల్లాన్ని నీటిలో కరిగించి వదిలివేస్తే అది పులుస్తుంది. అయితే అందులో ఈస్టు ఒక్కటే పనిచేయదు. గాలిలోను, కుండ గోడలలోను ఉండే బాక్టీరియా కూడా చేరి చక్కెరను, అప్పుడే తయారైన ఆల్కహాలును ఆమ్లాలుగా మారుస్తాయి. అలా జరిగితే ఊట పుల్లబడి సారాయి తక్కువ దిగుతుంది. తుమ్మ బెరడులో సమృద్ధిగా ఉన్న టానిన్ ఈ బాక్టీరియాను కొంతవరకు అణచివేస్తుంది. అంతేకాక ఊటలోని మాంసకృత్తులతో కలిసి తెట్టులా కట్టి అడుగుకు దిగుతుంది. తాటి కల్లు, బెల్లం వంటి వాటిలోని మాంసకృత్తులను విడదీయడానికే ఈ బెరడు వేస్తారని 19వ శతాబ్దంలో భారతదేశపు ఆర్థిక వృక్షాలపై గ్రంథాలు రాసినవారు గుర్తించారు.

పచ్చి వక్క నమిలినప్పుడు, చిక్కని టీ డికాక్షన్ పాలు లేకుండా తాగినప్పుడు నోరు వగరెక్కడం అందరికీ తెలిసినదే. లాలాజలంలోని మాంసకృత్తులను టానిన్ పట్టి గట్టిపరచడమే వగరుకు కారణం. నాలుకపై జరిగే ఈ చర్యే ఊటకుండలోనూ జరుగుతుంది. తోలు ఊనడంలో కూడా సూత్రం ఇదే.

రుచి

పై సంగతి తెలిస్తే పట్టసారా వగరుగా ఉండాలని అనిపించడం సహజం. కానీ ఉండదు. టానిన్ అణువులు పెద్దవి, ఆవిరి కానివి. ఊటను కాచినప్పుడు ఆల్కహాలు 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కాబట్టి, కొంత నీటిని, తేలికగా ఆవిరయ్యే వాసన పదార్థాలను వెంటబెట్టుకొని పైకి పోతుంది. టానిన్, బెరడు ఎరుపు, బెల్లపు తీపి మూడూ అడుగున మిగిలిన మడ్డిలోనే ఉండిపోతాయి. దిగిన సారాయికి రంగు లేకపోవడం, తీపి లేకపోవడం, వగరు లేకపోవడం ఈ కారణం చేతనే.

మరి దాని రుచి ఏమిటి? మొదట తగిలేది ఆల్కహాలు మంట. దాని వెనుక పులిసిన బెల్లపు వాసన, ఈస్టు తయారుచేసే ఐసోఎమైల్ ఆల్కహాలు వంటి బరువైన ఆల్కహాళ్ళ ముతక ఘాటు, పండిన అరటిపండును తలపించే ఎస్టర్ల వాసన ఉంటాయి. కట్టెల మంట మీద కాచినందున అడుగంటిన వాసన కూడా చేరవచ్చును. ఇవి బెల్లానివి, ఈస్టువి, బట్టీవి. చెక్క వేస్తే ఘాటు పెరుగుతుందనే మాట జనంలో వినబడుతుంది. ఘాటు పెరగడం నిజమే అయినా, అది చెక్క రుచి వల్ల కాదు. ఊట చెడకుండా నిలిచినందున ఆల్కహాలు ఎక్కువగా తయారు కావడమే అందుకు కారణం.

పోలండు వోడ్కాతో పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. పోలండు, బెలారస్ సరిహద్దులోని బియావోవియెజా అడవిలో ఐరోపా అడవిదున్నలు మేసే ఒక సువాసనగల గడ్డి ఉన్నది. అడవిదున్నను పోలిష్ భాషలో జుబ్ర్ అంటారు. దాని పేరు మీదనే ఆ వోడ్కాకు జుబ్రోవ్కా అనే పేరు వచ్చినది. అక్కడ ముందు వాసన, రుచి లేని శుద్ధమైన ఆల్కహాలు తీస్తారు. ఆ తరువాత అందులో ఎండిన గడ్డి సారం దించుతారు. ప్రతి సీసాలో ఒక గడ్డిపోచ వేయడం ఆనవాయితీ. అప్పుడే కోసి ఆరబెట్టిన ఎండుగడ్డినీ, వెనిలానూ తలపించే ఆ పరిమళానికి కారణం కుమారిన్ అనే పదార్థం. ఇది అధిక మోతాదులో కాలేయానికి హాని చేయగలదనే కారణంతో అమెరికా 1954లో కుమారిన్‌ను ఆహారంలో కలపడాన్ని నిషేధించినది. ఆ నిబంధన వల్ల ఈ వోడ్కా మూలరూపంలో అక్కడ అమ్ముడుపోలేదు. అడవి మొక్కది కాబట్టి నిరపాయమని అనుకోవడానికి లేదని చెప్పే ఉదాహరణలలో ఇది ఒకటి.

ఉత్తరాంధ్ర, తెలంగాణ అడవులలో ఇప్పపువ్వు సారా సంగతి వేరు. ఇప్పపువ్వులోనే చక్కెర ఉన్నది, మొక్కే ముడిసరుకు. పువ్వు వాసన కొంత సారాయిలోకి కూడా దిగుతుంది. అంటే జుబ్రోవ్కాలో మొక్క పరిమళం కోసం, ఇప్పసారాలో ముడిసరుకుగా, పట్టసారాలో కేవలం ఊటను కాచుకొనడానికి వాడబడుతున్నది. మూడింటినీ మొక్కల మద్యాలు అని ఒకే గాటన కట్టడం పొరపాటు.

తూర్పు కనుమల దక్షిణ భాగంలో దొరికే అసలైన పరిమళపు దుంప మారెడుగడ్డ. దీనిని మాకలిబేరు అని కూడా అంటారు. వెనిలాకు దగ్గరి బంధువైన ఒక ఆల్డిహైడ్ వల్ల దీనికీ, సుగంధిపాల వేరుకూ ఆ కమ్మని వాసన వస్తుంది. అది తేలికగా ఆవిరయ్యే పదార్థం. వేసవిలో నిమ్మరసంతో కలిపి అమ్మే నన్నారి షర్బత్తు రుచి ఇదే. రుచి కోసం అడవి మొక్కను వెదికేవారికి ఈ ప్రాంతంలో దొరికే సరైన జవాబు షర్బత్తు బండి దగ్గరే ఉన్నది.

రుచికి సంబంధించి విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. కల్తీ సారా మరణాలకు ముఖ్య కారణమైన మిథనాల్‌ను రుచి చూసి గాని, వాసన చూసి గాని గుర్తించడం సాధ్యం కాదు. అది సాధారణ ఆల్కహాలు వలెనే ఉంటుంది. సారాయికి నిప్పు అంటించి నీలి మంట వస్తే మంచిదని నమ్మేవారున్నారు. మిథనాల్ కూడా నీలి మంటతోనే మండుతుంది. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి మొదట చూపును, తరువాత ప్రాణాన్ని తీస్తుంది. బెల్లపు ఊటలో మిథనాల్ సహజంగా తయారయ్యేది అతిస్వల్పం. పారిశ్రామిక స్పిరిట్‌ను కలిపినప్పుడే పెద్ద ప్రమాదం సంభవిస్తుంది. అక్రమ బట్టీలలో ఊట త్వరగా పొంగడానికి నవసారం వంటివి వేయడం కూడా వార్తలలో తరచుగా కనబడుతుంది.

ప్రభుత్వ సారాయి

నెల్లూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు 1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టం సారాయి తయారీని, అమ్మకాన్ని ప్రభుత్వ అదుపులోకి తెచ్చినది. ఊరి బట్టీ నేరమైనది. లైసెన్సు పొందిన కర్మాగారం సక్రమమైనది. సి. రాజగోపాలాచారి ప్రభుత్వం 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలులోకి వచ్చినది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ నిషేధమే పెద్ద వివాదమై, 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోవడానికి దారితీసినది. 1960ల చివరకు ఆంధ్ర ప్రాంతంలో నిషేధం తొలగినది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం వచ్చినది.

ఆ తరువాత అంగళ్ళలో అమ్మిన సారాయికి తుమ్మచెక్కతో సంబంధం లేదు. చక్కెర కర్మాగారాల మొలాసిస్ నుండి తీసిన రెక్టిఫైడ్ స్పిరిట్‌లో నీరు కలిపి దానిని తయారుచేసేవారు. చెట్టు పోయినది, పేరు మిగిలినది. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో, 1980లలో వచ్చిన వారుణి వాహిని పథకం కింద సారాయిని ప్లాస్టిక్ ప్యాకెట్లలో నింపి గ్రామాలకు చేర్చారు. సీసా అక్కరలేదు, గ్లాసు అక్కరలేదు. మూల కొరికి తాగవచ్చును. అంగడి దాకా నడిచే శ్రమ కూడా తగ్గినది. రాష్ట్రానికి ఎక్సైజ్ రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు కాగా, 1991-92 నాటికి 800 కోట్లు దాటినది. ఈ సొమ్ములో అధికభాగం కూలి డబ్బు.

దూబగుంట

ఉదయగిరి, ఆత్మకూరు, కలిగిరి ప్రాంతాలు జిల్లా తూర్పున ఉన్న పెన్నా డెల్టా వంటివి కావు. వానపై ఆధారపడిన మెట్ట పంటలు, కూలి, మేకలు, గొర్రెలు ఇక్కడి బ్రతుకుతెరువు. అటువంటి ఇళ్ళలో సాయంత్రానికి కూలి డబ్బు ఇంటికి చేరడమా, సారా అంగడికి చేరడమా అన్నదే ఆ పూట అన్నం సంగతిని నిర్ణయించేది.

1990ల మొదట్లో జాతీయ అక్షరాస్యతా కార్యక్రమంలో భాగంగా నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరుతో వయోజన విద్యా ఉద్యమం సాగినది. రాత్రి బడులకు స్త్రీలు పెద్దసంఖ్యలో వచ్చారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉన్నది. తాగుబోతు భర్త వల్ల నలిగిపోయిన స్త్రీ కథ అది. పాఠం చదివినవారికి అది పాఠంలా కనబడలేదు. తాగి వచ్చినవారు చదువుకు అడ్డుపడడంతో, దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా అంగడిని మూయించడానికి పూనుకొని సాధించారు. వారిలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ తరువాత దూబగుంట రోశమ్మగా ప్రసిద్ధి చెందినది. ఆమె 2016లో మరణించినది.

ఈ విజయాన్నే ఆడవాళ్ళు ఏకమైతే అనే పేరుతో తరువాతి వాచకంలో పాఠంగా చేర్చారు. ఉద్యమం వ్యాపించడానికి ముఖ్య కారణం ఇదేనని చెప్పవచ్చును. ఒక ఊరి స్త్రీలు చేసిన పనిని వందల ఊళ్ళ స్త్రీలు కూడబలుక్కొని చదివారు. చదివి తమ ఊళ్ళలో అదే పని చేశారు. సారా ప్యాకెట్లు తగులబెట్టారు, సరఫరా వాహనాలను ఊరి పొలిమేరలోనే ఆపారు. 1992లో జిల్లాలో సారా వేలంపాటలను స్త్రీలు అడ్డుకొనడంతో అవి మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. పార్టీలు, మహిళా సంఘాలు, పత్రికలు అండగా నిలిచినప్పటికీ, మొదటి అడుగు వేసినవారు చదువు కొత్తగా నేర్చుకున్న కూలి స్త్రీలే.

1993 ఏప్రిల్ 15 నుండి నెల్లూరు జిల్లాలోను, కోట్ల విజయభాస్కరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి రాష్ట్రమంతటా సారాయి నిషేధింపబడినది. 1994 డిసెంబరులో తిరిగి అధికారానికి వచ్చిన రామారావు సంపూర్ణ మద్యనిషేధాన్ని ప్రకటించగా, అది 1995 జనవరి 16 నుండి అమలైనది. వారుణి వాహినిని తెచ్చిన నాయకుడే సంపూర్ణ నిషేధాన్ని తేవలసి రావడాన్ని బట్టి ఆ స్త్రీల బలాన్ని అంచనా వేయవచ్చును. చంద్రబాబు నాయుడు ప్రభుత్వం 1997లో నిషేధాన్ని సడలించి సీసా మద్యాన్ని అనుమతించినది. సారాయిపై నిషేధం మాత్రం అలాగే ఉన్నది.

నెల్లూరు జిల్లాలో రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకున్న పొదుపులక్ష్మి సంఘాలు ఈ ఉద్యమం వెన్నంటి వచ్చినవే. అంగడికి పోయే రూపాయి సంఘం పుస్తకంలోకి ఎక్కినది.

నిషేధం తరువాత

సారాయి నిషిద్ధమైనందున నేడు తుమ్మచెక్క వేసి బట్టీ పెట్టడం శిక్షార్హమైన నేరం. అయినా అది పూర్తిగా ఆగలేదు. సీసా మద్యం ధర పెరిగినప్పుడల్లా నాటుసారా పెరుగుతుంది. ఎక్సైజ్ దాడుల వార్తలలో నల్లబెల్లం, ఊట డ్రమ్ములతో పాటు తుమ్మచెక్క కూడా ఇప్పటికీ కనబడుతుంది. నాటుసారా నిర్మూలనకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో నవోదయం 2.0 అనే కార్యక్రమాన్ని చేపట్టినది.

తెల్లతుమ్మ చెట్టుకు జాతిగా ముప్పు లేదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వర్గీకరించినది. చెరువు కట్టల మీద, బీళ్ళలో మాత్రం అమెరికా నుండి వచ్చిన సర్కారు తుమ్మ దట్టంగా అల్లుకొని నాటు తుమ్మలకు చోటు లేకుండా చేస్తున్నది. సర్కారు తుమ్మ కంపగా, బొగ్గుగా ఉపయోగపడుతుంది. తెల్లతుమ్మ వర్షాకాలంలో పూసినప్పుడు చెట్టంతా లేత పసుపు గుత్తులతో నిండి తేనెటీగలను ఆకర్షిస్తుంది. దూరం నుండి చెట్టును గుర్తించడానికి అదే అనువైన కాలం.